దూరంగా ఉన్న రెండు కంప్యూటర్లను తక్కువ ఖర్చులో కేబుల్‌తో కలపడం: గోదావరి డెల్టా ఊళ్ళకు సరిపడే పద్ధతి

ఇంట్లో ఒక కంప్యూటర్, రైస్ మిల్లులో ఇంకొకటి. మధ్యలో కొబ్బరితోట, ఒక పంట బోదె, ఒక పుంత. లేదా ఇల్లు ఊళ్ళో, రొయ్యల చెరువుల షెడ్డు గట్టు చివర. కడియం వైపు నర్సరీలదీ ఇదే కథ: ఆఫీసు రోడ్డు పక్కన, గోడౌను వెనకాల. లెక్కల ఫైళ్ళు, కెమెరాలు, ప్రింటరు, ఇంటర్నెట్ రెండు చోట్లా కావాలి, ఖర్చు మాత్రం పెరగకూడదు. వైఫై పెడితే కొబ్బరి కమ్మలు అడ్డొచ్చి, వానొస్తే పడిపోయి విసిగిస్తుంది. అందుకే చాలామంది చివరికి కేబుల్ దగ్గరికే వస్తారు.

ఒక మాట ముందే చెప్పేస్తాను. ఈ ప్రాంతంలో రెండు భవనాల మధ్య ఆరుబయట వేసే కేబుల్ ఫైబర్, అంటే గాజుపోగులో వెలుతురు నడిచేది, అయితేనే మేలు. రాగి ల్యాన్ కేబుల్ ఒకే భవనం లోపలికి సరిపోతుంది. ఫైబర్ అనగానే ఖర్చు గుర్తొచ్చి వెనక్కి తగ్గుతారు గానీ, మీటరు లెక్కన చూస్తే ఇళ్ళకు వేసే సన్న ఫైబర్ డ్రాప్ కేబుల్ అసలైన రాగి క్యాట్ 6 ల్యాన్ కేబుల్ కంటే చవక.

1. దూరాన్ని కేబుల్ పోయే దారి వెంటే కొలవండి

కంటి అంచనా పనికిరాదు. తోటకు అడ్డంగా చూస్తే వంద మీటర్లే అనిపిస్తుంది. గట్టు వెంట తిరిగి, గోడ ఎక్కి, కిటికీ పక్కన దిగి, టేబుల్ దాకా వచ్చేసరికి లెక్క మారిపోతుంది. కొలిచిన తాడుతో నడవండి, లేదా ఫోన్‌లోని మ్యాప్‌లో దూరం కొలిచే సౌకర్యం వాడండి. మ్యాప్ నేల మీది దూరమే చెబుతుంది. ఎత్తులు మీరే కలుపుకోవాలి.

ఒక లెక్క చూడండి. గట్టు వెంట 240 మీటర్లు, రెండు వైపులా ఎక్కి దిగడానికి 12, ఇంటి లోపల 8. మొత్తం 260. వేలాడే భాగానికి, వంపులకు పది శాతం, అంటే 26. రెండు చివర్లా ఐదేసి మీటర్ల మిగులు చుట్టలకు 10. అంతా కలిపి 296, కాబట్టి 300 మీటర్లు కొనాలి. మిగులు చుట్ట ఎందుకు దండగ అని కత్తిరించకండి. ఎప్పుడైనా కేబుల్ తెగితే అతికించడానికి అదే పనికొస్తుంది.

2. రాగా, ఫైబరా?

ల్యాన్ కేబుల్‌కు 100 మీటర్ల హద్దు ఉంది. అందులో 90 మీటర్లు గోడల వెంట పోయే కేబుల్‌కు, మిగతా 10 రెండు చివర్ల ప్యాచ్ కార్డులకు, అంటే గోడ నుంచి కంప్యూటర్‌కు కలిపే చిన్న తీగలకు. 120 మీటర్లు లాగినా లైటు వెలిగిందని కొందరు చెబుతారు. వెలగొచ్చు. కానీ పెద్ద ఫైలు పంపినప్పుడు మధ్యలో ఆగిపోతుంది, వేగం 10 ఎంబీపీఎస్‌కు పడిపోతుంది, ఎండాకాలం ఒకలా, వానాకాలం ఇంకోలా ఉంటుంది. అలాంటి లైను ఉన్నా టెన్షనే.

మధ్యలో స్విచ్ పెట్టి ఇంకో వంద మీటర్లు పొడిగించవచ్చు. కానీ ఆ స్విచ్‌కు కరెంటు కావాలి, వాన తగలని పెట్టె కావాలి. తోట మధ్యలో అవి ఉండవు.

దూరం కంటే పెద్ద సమస్య పిడుగు. అది సరిగ్గా మీ తీగ మీదే పడనక్కర్లేదు. పక్కనున్న కొబ్బరిచెట్టు మీద పడినా, పొడవాటి రాగి తీగలో ఒక్కసారిగా వోల్టేజి పుట్టి రెండు చివర్ల పోర్టులనూ కాల్చేస్తుంది. ల్యాన్ పోర్టు లోపలి చిన్న ట్రాన్స్‌ఫార్మర్లు 1500 వోల్టుల వరకు తట్టుకునేలా చేస్తారు. పిడుగు ముందు అది ఏ మూలకు? ఇల్లు ఒక ట్రాన్స్‌ఫార్మర్ మీద, మిల్లు ఇంకో దాని మీద ఉంటే రెండు చోట్ల ఎర్తు కూడా ఒకేలా ఉండదు. ఆ రెండింటి మధ్య షీల్డు ఉన్న ల్యాన్ కేబుల్ వేస్తే ఆ లోహపు పొర గుండా ఎర్తు కరెంటు పారుతుంది. ఫైబర్‌లో నడిచేది వెలుతురు కాబట్టి ఈ రెండు గొడవలూ ఉండవు.

తీరం దగ్గర, అంటే నరసాపురం, అంతర్వేది, ఓడలరేవు వైపు ఉప్పుగాలి కూడా ఉంది. రాగికి చిలుము పడుతుంది, గాజుకు పట్టదు.

తేల్చుకోవడానికి:

- ఒకే భవనం, 90 మీటర్ల లోపు: రాగి క్యాట్ 6.
- రెండు భవనాలు, ఎంత దగ్గరైనా: వీలైతే ఫైబర్.
- 90 మీటర్లు దాటితే: ఫైబరే, ఇంకో ఆలోచన వద్దు.
- అవతల కరెంటు లేని చోట ఒక్క కెమెరాయే ఉంటే: ఫైబర్ కరెంటు మోయదు. 90 మీటర్ల లోపైతే పీఓఈ (ల్యాన్ తీగలోనే కరెంటు పంపే పద్ధతి) ఇచ్చే రాగి కేబుల్, రెండు చివర్లా సర్జ్ ప్రొటెక్టర్ (వోల్టేజి దెబ్బను ఆపేది), దానికి సరైన ఎర్తు.

యూఎస్‌బీ తీగను పొడిగించి రెండు కంప్యూటర్లు కలపొచ్చా అని అడిగేవాళ్ళున్నారు. యూఎస్‌బీ 2 తీగ హద్దు 5 మీటర్లు. ఆ దారి మర్చిపోండి.

3. దారి ఎంచుకోవడం

సగం పని ఇక్కడే ఉంది. కేబుల్ కొనకముందే ఒకసారి దారంతా నడిచి చూడండి. ఈ నేల మీద కేబుల్‌ను పాడుచేసేవి వేరే ప్రాంతాల్లో లేనివి కొన్ని ఉన్నాయి.

కొబ్బరితోటలో గాల్లో కేబుల్ లాగితే దింపు తీసే రోజున గెలలు, ఎండు కమ్మలు దాని మీదే పడతాయి. చెట్ల వరుసల మధ్య, ఆకు నీడ పడని సందులోంచి లాగాలి. చెట్టుకు మేకు కొట్టి బిగించే అలవాటు మానుకోండి. గాలికి చెట్టు ఊగుతుంది, కేబుల్ ఊగదు, ఏదో ఒకనాడు తెగుతుంది. తోటలో గాల్లోనే పోవాల్సి వస్తే సిమెంటు స్తంభాలో, పాత ఇనుప పైపులో పాతుకోవడం మేలు.

చెరువు గట్టులో పూడ్చాలనుకుంటే పందికొక్కులు, ఎండ్రకాయలు గుర్తుంచుకోండి. అవి గట్టును తొలిచేస్తాయి, సన్న కేబుల్‌ను కొరికేస్తాయి. గట్టుల్లో కేబుల్‌ను నల్ల హెచ్‌డీపీఈ పైపులో వేయకుండా పూడ్చొద్దు. చెరువు తవ్వకానికో, గట్టు బాగుచేయడానికో పొక్లెయిన్ వచ్చే వైపు కాకుండా రెండో వైపు ఎంచుకోండి.

పల్లపు చేలలో నీళ్ళు నెలల తరబడి నిలుస్తాయి. ఫైబర్‌కు పైన ప్లాస్టిక్ తొడుగు చెక్కుచెదరకుండా ఉంటే నీటి భయం తక్కువ. అతుకు పెట్టెలు మాత్రం మెరక మీద, వరద మట్టం కంటే పైన, గోడకు బిగించాలి.

పుంత గానీ రోడ్డు గానీ దాటాల్సి వస్తే కనీసం 20 అడుగుల ఎత్తు ఉంచండి. గడ్డి లోడు ట్రాక్టరు, వరికోత మిషను వెళ్తుంటాయి. మీ సొంత పుంత కాకుండా పంచాయతీ రోడ్డయితే పంచాయతీని, ఆర్ అండ్ బీ రోడ్డయితే ఆ శాఖను, కాలువ గానీ డ్రెయిను గానీ అయితే ఇరిగేషన్ వాళ్ళను ముందే అడగాలి. పక్కవాళ్ళ చేను గట్టు మీదుగా వెళ్తుంటే వాళ్ళతో మాట అనుకోండి. తర్వాత వచ్చే తగవు కంటే ఇది సులభం.

కరెంటు స్తంభానికి కేబుల్ కట్టొద్దు. అందరూ కడుతున్నారన్నది సమాధానం కాదు. ఆ స్తంభం విద్యుత్ సంస్థది, దాని మీద లైవ్ తీగలున్నాయి. మీ కేబుల్‌ను వేలాడదీయడానికి దానికి ఉండే ఉక్కు తీగ తెగిన కరెంటు తీగకు తగిలితే కరెంటు నేరుగా మీ ఇంటి గోడ దాకా వస్తుంది.

మోటారు షెడ్డు, ఏరేటర్ల త్రీఫేజు తీగల వెంట రాగి ల్యాన్ కేబుల్ పోతుంటే కనీసం ఒక అడుగు ఎడం ఇవ్వాలి. దాటాల్సి వస్తే అడ్డంగా, లంబకోణంలో దాటించండి. ఫైబర్‌కు ఈ పట్టింపు లేదు.

4. సామాను జాబితా

ఫైబర్ దారికి:

- సింగిల్ మోడ్ ఎఫ్‌టీటీహెచ్ (ఇళ్ళకు వేసే ఫైబర్) డ్రాప్ కేబుల్, రెండు కోర్లది, అంటే లోపల రెండు గాజుపోగులున్నది. ఒక కోరే చాలు, కానీ రెండోది తురుపు ముక్క. ధరలో తేడా పెద్దగా ఉండదు.
- మీడియా కన్వర్టర్ల (ల్యాన్ సిగ్నల్‌ను వెలుతురుగా, వెలుతురును మళ్ళీ ల్యాన్ సిగ్నల్‌గా మార్చే పెట్టెలు) జత, ఏ రకం ఒకటి, బీ రకం ఒకటి, 20 కిలోమీటర్ల మోడలు.
- నీలం రంగు ఎస్‌సీ కనెక్టర్లు, కనీసం ఆరు. రెండు కోర్లకూ పెట్టుకుంటే నాలుగు, చెడిపోయేవాటికి రెండు.
- చిన్న ల్యాన్ ప్యాచ్ కార్డులు రెండు.
- గోడ కొక్కేలు, జీఐ తీగ, డ్రాప్ కేబుల్ బిగించే క్లాంపులు.
- పూడ్చే చోట అంగుళం హెచ్‌డీపీఈ పైపు.
- మినీ డీసీ యూపీఎస్ రెండు, లేదా రెండు చోట్లా ఇన్వర్టర్ లైను.

కొనేటప్పుడు జేబులో ఒక అయస్కాంతం పెట్టుకెళ్ళండి. డ్రాప్ కేబుల్ లోపల గాజుపోగుకు రెండు పక్కలా బలానికి సన్న పుల్లలు ఉంటాయి. అవి ఉక్కువైతే అయస్కాంతానికి అంటుకుంటాయి, ఎఫ్‌ఆర్‌పీవైతే (గాజునార కలిపిన ప్లాస్టిక్) అంటుకోవు. పిడుగుల ప్రాంతం కాబట్టి ఎఫ్‌ఆర్‌పీవే అడగండి. పైన వేలాడదీయడానికి ఉండే విడి తీగ మాత్రం మామూలుగా ఉక్కుదే, పరీక్షకు ముందు దాన్ని చీల్చి పక్కకు పెట్టండి.

పెద్ద రోలు కొనే బదులు మీ ఊరి కేబుల్ ఆపరేటర్‌ను అడిగితే మీటర్ల లెక్కన కోసి ఇస్తాడు. కనెక్టర్లు పెట్టే పని కూడా అతని కుర్రాళ్ళకే అప్పగిస్తే పనిముట్ల ఖర్చు మిగులుతుంది. ఎవరూ దొరకని చోట రెండు కొనలకూ కనెక్టర్లు పెట్టి అమ్మే రెడీమేడ్ కేబుల్ ఆన్‌లైన్‌లో తెప్పించుకోవచ్చు. అప్పుడు పైపు, గోడ కన్నం కనెక్టరు పట్టేంత పెద్దవిగా ఉండాలి.

రాగి దారికి వచ్చే పెద్ద మోసం పేరు సీసీఏ. పైన రాగి పూత, లోపల అల్యూమినియం. పెట్టె మీద క్యాట్ 6 అనే ఉంటుంది, ధర సగం ఉంటుంది. తీగను బ్లేడుతో గీకండి. లోపల తెల్లగా మెరిస్తే అది సీసీఏ. 305 మీటర్ల పెట్టె ఎత్తినప్పుడు చేతికి తేలికగా అనిపించినా అనుమానించండి. అది క్రింప్ (కనెక్టరును నొక్కి బిగించే చోటు) దగ్గర తెగుతుంది, పీఓఈ కెమెరాకు చాలినంత కరెంటు ఇవ్వదు.

5. ఒకే భవనంలో రాగి కేబుల్ వేసే పద్ధతి

ఇది చాలామందికి తెలిసిందే కాబట్టి క్లుప్తంగా. రెండు కొనలకూ ఒకే వరుస వాడండి: తెలుపు నారింజ, నారింజ, తెలుపు ఆకుపచ్చ, నీలం, తెలుపు నీలం, ఆకుపచ్చ, తెలుపు గోధుమ, గోధుమ. కనెక్టరు క్లిప్పు కిందికి ఉండేలా పట్టుకుని ఎడమ నుంచి కుడికి ఈ వరుస.

జతల పురిని కనెక్టరు దగ్గర అర అంగుళం కంటే ఎక్కువ విప్పకండి. తీగల కొనలు కనెక్టరు చివరి గోడను తాకాలి, పై తొడుగు కూడా కనెక్టరు లోపలికి వెళ్ళాలి. ఆ తర్వాతే క్రింప్ చేయాలి. ల్యాన్ టెస్టర్‌లో ఎనిమిది లైట్లూ వరుసగా వెలగాలి.

రెండు కంప్యూటర్లను నేరుగా కలిపితే క్రాస్ కేబుల్ కావాలా? గిగాబిట్ పోర్టులున్న కంప్యూటర్లకు అక్కర్లేదు, అవే సర్దుకుంటాయి. బాగా పాత 100 ఎంబీపీఎస్ కార్డులు రెండు ఎదురైతే తప్ప దాని గురించి ఆలోచించకండి.

6. ఫైబర్ లాగడం

పనిని ఈ వరుసలో చేయండి. వరుస తప్పితే మళ్ళీ మొదటికొస్తుంది.

ముందుగా పైపు పాతాలి, లేదా స్తంభాలు నిలబెట్టి కొక్కేలు బిగించాలి. కేబుల్ చివర్లో వస్తుంది. పూడ్చే చోట కనీసం రెండడుగుల లోతు తవ్వండి. నాగలి, పార తగిలేది పై అడుగులోనే. పైపులో కేబుల్‌తో పాటు ఒక నైలాన్ తాడు కూడా వదలండి. రేపు ఇంకో కేబుల్ లాగాల్సి వస్తే అదే ఆధారం. పైపు నోళ్ళు సిలికాన్‌తోనో, గుడ్డతోనో మూయండి, లేకపోతే ఎలుకలకు అది సొరంగమే.

తర్వాత కేబుల్‌ను రోలు నుంచి విప్పాలి. ఒకరు రోలు తిప్పుతుంటే ఇంకొకరు లాగాలి. రోలును పక్కకు పడేసి చుట్టలు చుట్టలుగా లాగితే మెలికలు పడతాయి, ఆ మెలిక బిగిస్తే గాజుపోగు విరుగుతుంది. పైకి ఏమీ కనబడదు. మధ్యలో కేబుల్ నేల మీద పరచాల్సి వస్తే ఎనిమిది అంకె ఆకారంలో పరచండి.

గాల్లో రెండు స్తంభాల మధ్య 40 మీటర్లు మించనివ్వకండి. వీణ తీగలా బిగించకుండా, ఆ 40 మీటర్లకు సుమారు అర మీటరు వేలాడనివ్వండి. బరువంతా పక్కనున్న ఉక్కు తీగ మీదే పడాలి, గాజుపోగున్న భాగం మీద కాదు. ప్రతి మలుపు దగ్గరా ఉక్కు తీగను చీల్చి కొక్కేనికి చుట్టండి, కేబుల్ భాగాన్ని వదులుగా వంపు తిప్పి తీసుకెళ్ళండి. ఆ వంపు టీ గ్లాసు చుట్టుకొలత కంటే చిన్నది కాకూడదు.

ఉక్కు తీగను ఇంటి లోపలికి తేవద్దు. గోడకు అడుగు దూరంలోనే చీల్చి, బయటి కొక్కేనికి కట్టి ఆపేయండి. లోపలికి వచ్చేది గాజుపోగున్న భాగం ఒక్కటే. పిడుగు భయంతో ఫైబర్ వేసి, ఉక్కు తీగను కంప్యూటర్ టేబుల్ దాకా లాక్కొచ్చిన ఇళ్ళు చాలా ఉన్నాయి.

గోడ కన్నాన్ని లోపలి నుంచి బయటికి కిందికి వాలేలా కొట్టండి. కన్నానికి ముందు కేబుల్‌ను కిందికి ఒక వంపు తిప్పితే వాన నీరు ఆ వంపు దగ్గరే కారిపోతుంది, లోపలికి రాదు.

7. కొనలకు కనెక్టర్లు పెట్టడం

కేబుల్ కుర్రాడు స్ప్లైసింగ్ మిషనుతో (గాజుపోగులను కరిగించి అతికించేది) వస్తే పది నిమిషాల పని. మీరు చేయించేటప్పుడు చూడాల్సింది ఒక్కటే: రంగు. ఇళ్ళకు ఇంటర్నెట్ వేసేవాళ్ళ దగ్గర ఎక్కువగా ఆకుపచ్చ కనెక్టర్లుంటాయి, వాటి కొన ఏటవాలుగా కోసి ఉంటుంది. మీడియా కన్వర్టర్లకు మామూలుగా నీలం రంగువి కావాలి. ఆకుపచ్చది నీలం పోర్టులో దూరుతుంది గానీ గాజు కొనలు సరిగా ఆనవు, సగం వెలుతురు అక్కడే పోతుంది. లైను ఉన్నట్టూ లేనట్టూ ఉందని నన్ను అడిగే చాలామంది సమస్య చివరికి ఈ రంగు దగ్గరే తేలుతుంది.

మీరే ఫాస్ట్ కనెక్టర్లు (మిషను లేకుండా చేత్తో పెట్టేవి) పెడితే:

1. కనెక్టరు వెనక టోపీని ముందే కేబుల్‌కు ఎక్కించండి. మర్చిపోతే మళ్ళీ మొదటి నుంచి.
2. కేబుల్ మధ్యలో ఉన్న గాడి దగ్గర చీల్చి, సుమారు రెండంగుళాల తొడుగు తీయండి.
3. స్ట్రిప్పర్‌తో గాజు మీది పూత తీయండి. పూతతో 250 మైక్రాన్లు, పూత తీసిన గాజు 125 మైక్రాన్లు. వెంట్రుక కంటే కాస్త మందం, అంతే.
4. ఐసోప్రొపైల్ ఆల్కహాల్ తడిపిన గుడ్డతో తుడవండి. తుడిచాక వేలితో తాకొద్దు.
5. క్లీవర్‌లో (గాజుపోగును కోసే పనిముట్టు) పెట్టి, కనెక్టరుతో వచ్చిన కొలతకు సరిగ్గా కోయండి. కత్తెరతో కోస్తే కొన చితికిపోతుంది.
6. కనెక్టరులోకి నెమ్మదిగా తోయండి. లోపల ఆనుకున్నాక వెనక కేబుల్ కొద్దిగా వంగుతుంది. అప్పుడు తాళం నొక్కి టోపీ బిగించండి.

తెగిన గాజు ముక్కలు కంటికి కనబడవు, కాలికి గుచ్చుకుంటే బయటికి రావు. ప్రతి ముక్కనూ టేపుకు అంటించి సీసాలో వేయండి. పిల్లలు తిరిగే అరుగు మీద ఈ పని చేయొద్దు. వెలుగుతున్న ఫైబర్ కొనలోకి చూడటం అసలే వద్దు. ఆ వెలుతురు కంటికి కనబడదు గానీ కన్ను పాడవొచ్చు.

పరీక్షకు ఎర్ర లేజర్ పెన్ను చాలు. ఒక కొనలో వెలిగించి, రెండో కొన దగ్గర తెల్ల కాగితం పట్టుకుంటే దాని మీద ఎర్ర చుక్క గట్టిగా పడాలి. కేబుల్ మధ్యలో ఎక్కడైనా ఎర్రగా మెరిస్తే అక్కడే విరిగింది. పవర్ మీటరు ఉంటే ఇంకా మంచిది. 300 మీటర్ల గాజులో నష్టం 0.1 డీబీ (వెలుతురు నష్టానికి కొలత) చుట్టూ ఉంటుంది, ఒక్కో కనెక్టరుకు అర డీబీ వేసుకోండి. మొత్తం 3 డీబీ దాటిందంటే ఎక్కడో కనెక్టరు సరిగా పడలేదు, మళ్ళీ పెట్టించండి. 20 కిలోమీటర్ల మోడలు కన్వర్టర్లు అంత నష్టంలోనూ పనిచేస్తాయి, కానీ ఆ కనెక్టరు తర్వాత ఏదో ఒక వానాకాలంలో ఏడిపిస్తుంది.

8. మీడియా కన్వర్టర్లు పెట్టడం

ఒకే పోగు మీద రెండు దిక్కులా మాట నడవాలంటే రెండు రకాల వెలుతురు కావాలి. ఏ రకం పెట్టె 1310 నానోమీటర్ల మీద పంపి 1550 మీద వింటుంది, బీ రకం దానికి తలకిందులు. కాబట్టి జత తప్పనిసరి. దుకాణంలో రెండూ ఏ రకమే ఇచ్చేస్తే ఎంత శుభ్రంగా వేసిన ఫైబరైనా లింకు లైటు వెలగదు. డబ్బులు ఇచ్చేముందే అడుగున స్టిక్కర్లు చదవండి.

రెండూ ఒకే వేగానివై ఉండాలి. ఒక వైపు 100 ఎంబీపీఎస్ పెట్టె, ఇంకో వైపు గిగాబిట్ పెట్టె ఫైబర్ మీద ఒకదానితో ఒకటి మాట్లాడుకోవు. లెక్కల ఫైళ్ళకు, ఏడెనిమిది కెమెరాలకు 100 సరిపోతుంది, సెకనుకు 11 మెగాబైట్ల దాకా ఫైలు నడుస్తుంది. వీడియో ఫైళ్ళు మోసేవాళ్ళయితే గిగాబిట్ తీసుకోండి.

80 కిలోమీటర్ల మోడలు ఇంకా గట్టిగా పనిచేస్తుందని కొనకండి. దాని వెలుతురు 300 మీటర్లకు మరీ ఎక్కువ, అవతలి కన్ను చెదిరిపోతుంది.

ఫైబర్ పెట్టండి, ల్యాన్ ప్యాచ్ కార్డుతో కంప్యూటర్‌కో, స్విచ్‌కో, రౌటర్‌కో కలపండి, కరెంటు ఇవ్వండి. పవర్, ఫైబర్ లింక్, ల్యాన్ లింక్ అని మూడు లైట్లు వెలగాలి. కరెంటు పోయినప్పుడు ఒక వైపు పెట్టె ఆగితే లైనంతా ఆగినట్టే. అందుకే రెండు చోట్లా బ్యాటరీ ఉండాలన్నాను.

9. కంప్యూటర్లలో సెట్టింగులు

రౌటర్ ఉన్న ఇంట్లో పని తేలిక. ఒక కన్వర్టర్‌ను రౌటర్ ల్యాన్ పోర్టుకు కలిపితే అవతలి కంప్యూటర్ తనంతట తానే అడ్రసు తీసుకుంటుంది, ఇంటర్నెట్ కూడా వస్తుంది.

అవతల వైఫై కోసం పాత రౌటర్ పెట్టాలనుకుంటే మూడు పనులు చేయండి: దానిలో డీహెచ్‌సీపీ (అడ్రసులు పంచే సౌకర్యం) ఆపేయండి, దాని ఐపీ అడ్రసు మొదటి రౌటర్‌ది కాకుండా మార్చండి, కేబుల్‌ను వ్యాన్ (ఇంటర్నెట్ లైను పెట్టే) పోర్టులో కాకుండా ల్యాన్ పోర్టులో పెట్టండి. మొదటి రెండింటిలో ఏది మర్చిపోయినా ఇంట్లో ఫోన్లు కూడా నెట్ లేక ఆగిపోవచ్చు, మూడోది మర్చిపోతే అవతలి వైపు నెట్ రాదు.

రౌటర్ లేకుండా రెండు కంప్యూటర్లనే నేరుగా కలిపితే అడ్రసులు మీరే ఇవ్వాలి. విండోస్ కంట్రోల్ ప్యానెల్‌లో అడాప్టర్ సెట్టింగ్స్ తెరిచి, ఈథర్నెట్ మీద రైట్ క్లిక్, ప్రాపర్టీస్, అందులో ఐపీవీ4.

- మొదటి కంప్యూటర్: 10.10.10.1, మాస్కు 255.255.255.0
- రెండోది: 10.10.10.2, మాస్కు అదే
- గేట్‌వే, డీఎన్‌ఎస్: ఖాళీగా వదలండి

192.168.1 తో మొదలయ్యే అడ్రసులు ఇక్కడ ఇవ్వొద్దు. ఎందుకంటే, అదే కంప్యూటర్ వైఫైతో రౌటర్‌కు కూడా కలిసి ఉంటే రెండు దారులకూ ఒకే చిరునామా వరుస పడి తికమకవుతుంది.

తర్వాత మొదటి కంప్యూటర్ కమాండ్ ప్రాంప్ట్‌లో ping 10.10.10.2 అని కొట్టండి. ఇది (పింగ్) అవతలి కంప్యూటర్ పలుకుతోందో లేదో చూస్తుంది. నాలుగు జవాబులూ రావాలి. రాకపోతే కంగారు పడకండి. గేట్‌వే లేని లైనును విండోస్ పబ్లిక్ నెట్‌వర్క్ అనుకుని ఫైర్‌వాల్ మూసేస్తుంది. దాన్ని ప్రైవేట్‌గా మార్చి, ఫైల్ అండ్ ప్రింటర్ షేరింగ్ ఆన్ చేయండి.

ఫోల్డర్ షేర్ చేశాక మొదటి కంప్యూటర్‌లో ఫోల్డర్ అడ్రసు గడిలో \\10.10.10.2 కొడితే అది తెరుచుకోవాలి. యూజర్ పేరు, పాస్‌వర్డ్ అడిగితే అవతలి కంప్యూటర్‌లోవి ఇవ్వండి. నాలుగంకెల పిన్ ఇక్కడ పనిచేయదు. అవతలి ఖాతాకు పాస్‌వర్డే లేకపోతే ముందు ఒకటి పెట్టండి.

10. పనిచేయకపోతే ఎక్కడ చూడాలి

*ఫైబర్ లింక్ లైటు రెండు వైపులా లేదు.* ఏ, బీ జత సరిచూడండి. తర్వాత ఎర్ర పెన్నుతో పోగు చూడండి. రెండు కోర్లున్న కేబుల్‌లో ఇటు ఒక కోరు, అటు ఇంకో కోరు పెట్టే పొరపాటు కూడా మామూలే.

*ఒక వైపే లింక్ వెలుగుతోంది.* ఒక దిక్కు వెలుతురు చేరుతోంది, రెండోది చేరడం లేదు. కనెక్టరు కొన తుడిచి మళ్ళీ పెట్టండి. పదిలో ఎక్కువసార్లు దుమ్మే కారణం.

*లైట్లన్నీ ఉన్నాయి, పింగ్ లేదు.* కేబుల్ జోలికి వెళ్ళకండి. తప్పు అడ్రసుల్లోనో, ఫైర్‌వాల్‌లోనో ఉంది. అడ్రసు 169.254 తో మొదలైతే మీరు ఇచ్చిన సెట్టింగు సేవ్ కాలేదు, లేదా రౌటర్ అడ్రసు ఇవ్వలేదు.

*పొద్దున బాగుంటుంది, మధ్యాహ్నం ఎండకు పోతుంది.* రేకుల షెడ్డులో కన్వర్టర్ వేడెక్కుతోంది. గాలి ఆడే చోటికి, గోడ నీడకు మార్చండి. మూత బిగించిన ప్లాస్టిక్ డబ్బాలో పెట్టినవాళ్ళకు ఇది తప్పదు.

*గాలి వీస్తే పోతుంది.* కొక్కేం దగ్గర కేబుల్ గట్టిగా వంగింది, లేదా బరువు గాజు భాగం మీద పడుతోంది. స్తంభం స్తంభం చూసుకుంటూ రండి.

*రాగి లైనులో వేగం 100 దగ్గరే ఆగిపోయింది.* గిగాబిట్‌కు ఎనిమిది తీగలూ కావాలి, 100కు నాలుగు చాలు. ఏదో ఒక తీగ క్రింప్‌లో కలవలేదు.

11. వానలకు ముందు, తుపాను తర్వాత

కాలువలు కట్టేసే వేసవిలో ఒకసారి దారంతా నడవండి. అప్పుడే బోదెల దగ్గర పైపులు బయటపడి కనిపిస్తాయి.

- వేలాడే చోట్ల ఎత్తు తగ్గిందా?
- కేబుల్ మీద ఒరిగిన కొమ్మలు, వాలిన కమ్మలు ఉన్నాయా?
- పైపు మూతులు మూసి ఉన్నాయా?
- అతుకు పెట్టెలో చీమలు, తేమ చేరాయా?
- రెండో కోరు ఎర్ర పెన్నుతో ఇంకా వెలుగుతోందా?

ఉరుములు మొదలైతే ఫైబర్ పీకాల్సిన పని లేదు, కన్వర్టర్ అడాప్టర్లు ప్లగ్గుల్లోంచి తీయండి. ఎందుకంటే కరెంటు లైను మీదుగా వచ్చే దెబ్బను ఫైబర్ ఆపలేదు. ఆరుబయట రాగి కేబుల్ ఉన్నవాళ్ళు రెండు చివర్లా ల్యాన్ కేబుల్ కూడా పీకేయాలి.

తుపాను తర్వాత మీ కేబుల్ నేల మీద పడి ఉన్నా వెంటనే ఎత్తకండి. దారిలో ఎక్కడైనా దాని ఉక్కు తీగ మీద కరెంటు తీగ పడి ఉండొచ్చు. లైన్‌మ్యాన్ లైను ఆపాడని తెలిశాకే ముట్టుకోవాలి.

కేబుల్ తెగితే ముందు రెండో కోరు చూడండి, అది బతికుంటే కనెక్టరు మార్చి పెట్టి పని నడిపించుకోవచ్చు. రెండూ తెగితే కేబుల్ ఆపరేటర్‌ను స్ప్లైసింగ్ మిషనుతో పిలిపించండి. కొన దగ్గరలో తెగితే మిగులు చుట్టలోంచి కేబుల్ లాగి ఒక అతుకుతో కలపొచ్చు. నడిమధ్యలో తెగి చుట్ట అందకపోతే కొత్త ముక్క వేసి రెండు అతుకులు పెట్టాలి. మిషనుతో వేసిన అతుకుకు పోయేది 0.1 డీబీ లోపే కాబట్టి వేగం గురించి దిగులు అక్కర్లేదు. అతుకు పెట్టె నేల మీద వదిలేయకుండా దగ్గరి స్తంభానికి ఎత్తులో కట్టించుకుని, అది ఏ స్తంభమో కన్వర్టర్ పక్కన గోడ మీద రాసి పెట్టుకోండి.